ఆరు సాక్షి సీసాలు

టీచరమ్మ ఆఫీసు మెట్లెక్కి వచ్చేవాళ్ళలో చాలామంది గుమ్మం దాటకముందే కన్నీళ్ళు పెట్టుకుంటారు. ఆ మంగళవారం పొద్దున వచ్చినావిడ ఏడవలేదు. కుర్చీ అంచున కూర్చుని, ఒళ్ళో ఉన్న చేతిసంచిని రెండు చేతులా గట్టిగా పట్టుకుని, "నా కళ్ళు నన్ను మోసం చేశాయో లేదో మీరే తేల్చాలి," అంది.

గుమాస్తా చెవులు రిక్కించాడు. ఇలాంటి ఫిర్యాదు ఆ ఆఫీసుకి ఇంతకుముందు రాలేదు. పారిపోయిన అల్లుళ్ళు, మాయమైన దస్తావేజులు, ఆకాశరామన్న ఉత్తరాలు, వీటితోనే వాళ్ళకి రోజులు గడిచిపోతున్నాయి.

టీచరమ్మ ముప్ఫైయేళ్ళు బడిలో లెక్కలు చెప్పి, రిటైరయ్యాక ఈ డిటెక్టివ్ ఆఫీసు తెరిచింది. గుమాస్తా కూడా ఆవిడ దగ్గర లెక్కలు నేర్చుకున్నవాడే. నేర్చుకున్నాడనడం కన్నా బెంచీ ఎక్కి నిలబడ్డాడనడం న్యాయం. నలభై దాటి, బట్టతల వచ్చినా, ఆవిడ గదిలోకి అడుగు పెడితే ఇప్పటికీ అప్రయత్నంగా లేచి నిలబడతాడు. లోకంలో ఆవిడకి తెలియని లెక్క లేదని అతని గట్టి నమ్మకం.

"ముందు మంచినీళ్ళు తాగండి," అంది టీచరమ్మ.

వచ్చినావిడ గ్లాసు అందుకుని, కిటికీ వెలుతురుకి ఎత్తి చూసి, అప్పుడు తాగింది. "అలవాటండీ," అంది కాస్త సిగ్గుపడి. "పదకొండేళ్ళుగా ఊరి నీళ్ళు చూసే ఉద్యోగం నాది. రిజర్వాయరు పక్కన ప్రయోగశాల ఉంది కదా, దానికి అధికారిని. ఈమధ్య ఊళ్ళో అందరూ నాచు మేడం అంటున్నారు. ఎగతాళికే లెండి."

"ఆ నాచు సంగతేదో మొదట్నుంచి చెప్పండి. మా గుమాస్తాకి కూడా అర్థమయ్యేలా చెప్పాలి సుమా."

గుమాస్తా నవ్వాలో మానాలో తెలియక పుస్తకం తెరిచాడు.

"ఊరి మురుగు, పొలాల ఎరువు అన్నీ కొట్టుకొచ్చి మా రిజర్వాయర్లోనే కలుస్తాయి. అంటే ఆ నీళ్ళకి తిండి ఎక్కువ. కంటికి కనపడని నాచు జాతులు అందులో విపరీతంగా పెరుగుతాయి. ఏడాది పొడుగునా ఒకే జాతి ఉండదు. వరద నీళ్ళు వచ్చినప్పుడు డయాటమ్‌లు ఉంటాయి. వాటి ఒంటికి గాజు లాంటి పెంకు ఉంటుంది, బరువు, నీళ్ళు కదలకపోతే మునిగిపోతాయి. చలికాలంలో ఆకుపచ్చ జాతులు వస్తాయి. ఎండలు ముదిరి, గాలి లేక నీళ్ళు నిలిచిపోతే నీలినాచు వస్తుంది. పేరుకే నీలి, నీళ్ళమీద పచ్చగానే కనిపిస్తుంది. అది విషం. దానికి లోపల గాలి బుడగలుంటాయి, అందుకని పైకి తేలుతుంది."

టీచరమ్మ కళ్ళు మెరిశాయి. "అంటే ఒక చుక్క నీళ్ళు చూసి అది ఏ కాలందో చెప్పొచ్చన్నమాట."

"మా రిజర్వాయరు వరకూ చెప్పగలను. ప్రతి సోమవారం పడవ మీద నీళ్ళు తోడే బురుజు దాకా వెళ్ళి రెండు సీసాలు నింపుతాం. ఒకటి మైక్రోస్కోపు కింద లెక్కపెట్టి పారబోస్తాం. రెండోదానికి పాడవకుండా అయొడిన్ కలిపి బీరువాలో దాస్తాం. ఏడాది దాకా దాన్ని పారబోయం. దాన్ని సాక్షి సీసా అంటాం. తేదీ రాసిన అట్టముక్క దాని మెడకి దారంతో కడతాం."

ఆవిడ గ్లాసులో మిగిలిన నీళ్ళు తాగింది.

"ఈ ఎండాకాలంలో మా అమ్మాయికి ఆపరేషనైతే వారం సెలవు పెట్టాను. ఆ సోమవారం మా జూనియరు ఒక్కడే వెళ్ళి నీళ్ళు తెచ్చి, లెక్కపెట్టి, నీలినాచు సున్నా అని రిపోర్టు రాశాడు. తర్వాతి సోమవారం నేను వెళ్ళేసరికి నీళ్ళమీద ఆకుపచ్చ రంగు పారబోసినట్టుంది. లెక్కపెడితే చెంచాడు నీళ్ళలో లక్షలు. వెంటనే ఇంజినీరుకి రాశాను. తొమ్మిది రోజులు ఊరికి నీళ్ళు ఆపేశారు, ట్యాంకర్లు తిప్పారు. మూడో సోమవారం కూడా అంతే. ఆ తర్వాత తగ్గింది."

"మంచి పనేగా చేశారు?"

"రిజర్వాయర్లో వలల గూళ్ళు కట్టి చేపలు పెంచే ఆయన ఒకాయన ఉన్నాడు. విషమని తెలిసి జనం ఆయన చేపలు ముట్టుకోవడం మానేశారు. దాంతో ఆయన ఒంటికాలి మీద లేచాడు. ఒక సోమవారం సున్నా, పై సోమవారం లక్షలా, ఏడు రోజుల్లో అంత పెరగడం అసాధ్యం, రెండు రిపోర్టుల్లో ఒకటి అబద్ధం అని పైవాళ్ళకి రాశాడు. ఆ మాట వరకూ నిజమే. వాళ్ళు పేరున్న నిపుణుణ్ణి పంపారు. ఆయన అందరి ముందూ ఆ మూడు వారాల సాక్షి సీసాలూ తెరిచాడు." ఆవిడ గ్లాసు బల్ల మీద పెట్టింది. "మూడింట్లోనూ నీలినాచు ఒక్కటంటే ఒక్కటి లేదు. నిండా డయాటమ్‌లే. సీసాలు నా చేతికివ్వలేదు, మైక్రోస్కోపు కింద గాజుపలక మీది చుక్కని నన్నూ చూడమన్నారు. చూశాను. డయాటమ్‌లే."

"మీరేమన్నారు?"

"ఎండాకాలంలో ఇవి మా దగ్గర ఇన్ని ఉండవు, ఎవరో సీసాలు మార్చారన్నాను. నిపుణుడు తన పుస్తకం తీసి, ఈ నెలల్లో సరస్సుల్లో డయాటమ్‌లు విరగబూయడం సహజమని చూపించాడు. పోనీ ఎక్కణ్ణుంచి తెచ్చి మార్చారంటే చెప్పలేకపోయాను. బీరువాలో ఒక్క సీసా తగ్గలేదు, ఒక్కటి పెరగలేదు. పోయిన వానాకాలం సీసాలు కూడా వాటి చోట్లో అవి ఉన్నాయి."

"వాటిని తెరిచి చూశారా?"

"లేదండీ. వాటి మీద ఎవరికీ అనుమానం లేదుగా. నన్ను సస్పెండు చేసి బీరువాకి సీలు వేశారు. శుక్రవారం ఆఖరి విచారణ. ఉద్యోగం తీసేస్తారు." ఆవిడ సంచి పట్టు వదిలి, చేతులు చూసుకుంది. "ఇంటికి నా జీతమే ఆధారం. అది సరే. వచ్చే ఎండాకాలం మళ్ళీ ఈ నీళ్ళు తాగొద్దని ఎవరైనా అంటే ఊళ్ళో ఎవరు నమ్ముతారు చెప్పండి? నాకు నిద్ర పట్టనిది అందుకు."

టీచరమ్మ ఈ కేసుకి ఫీజు మాట కూడా ఎత్తలేదు. అది చూసి గుమాస్తాకి ఈ లెక్క ఆవిడకి నచ్చిందని అర్థమైపోయింది.

*

బుధవారం ప్రయోగశాలకి వెళ్ళేసరికి ఇంజినీరు గుమ్మంలోనే ఎదురయ్యాడు. మొహం మాడ్చుకుని ఉన్నాడు. ట్యాంకర్ల గొడవలో పైవాళ్ళ చేత నానా చీవాట్లూ తిన్నాడని నాచు మేడం ముందే చెప్పింది.

"చూసుకోండి. ఒక్క సీసా మీద చెయ్యి వెయ్యకూడదు," అన్నాడు సీలు తీయిస్తూ. "ఆవిడ మంచిదే, కాదనను. కానీ నిపుణుడు చెప్పాక నేనేం చెయ్యను?"

"బీరువా తాళం ఎవరి దగ్గర ఉంటుంది బాబూ?"

ఇంజినీరు నీళ్ళు నమిలాడు. "ఎవరి దగ్గరా ఉండదండీ. మేడం బల్ల వెనక మేకుకి వేలాడుతూ ఉంటుంది. నీళ్ళ సీసాలు ఎవరెత్తుకుపోతారు అని..."

"ఈ గదిలోకి ఎవరెవరు వస్తారు?"

"నేను వస్తాను. జూనియరు, పడవ నడిపే సరంగు ఎలాగూ ఉంటారు. చేపలాయన రెండుసార్లు వచ్చి బల్ల గుద్ది అరిచి వెళ్ళాడు. అంతే."

బీరువా తెరిస్తే టీ డికాక్షన్ రంగు నీళ్ళతో సీసాలు వరసగా నిలబడి ఉన్నాయి. ఒక్కొక్కటి మందు సీసా కన్నా కాస్త పెద్దది. టీచరమ్మ కళ్ళజోడు సవరించుకుని, మెడల దగ్గర అట్టముక్కలన్నీ ఒక్కొక్కటే చదివింది. తర్వాత సీసాల మూతలు చూసింది. కింద అరలో వానాకాలం వరస దగ్గర చాలాసేపు వంగి నిలబడింది.

"ఏరా, మూతల మీద నీకేమన్నా కనిపిస్తోందా?"

గుమాస్తా తొంగి చూశాడు. "కొన్నిటి మీద గులాబీ రంగు చుక్కలున్నాయి టీచరమ్మా. గోళ్ళరంగులా ఉంది."

"ఏ సీసా మీద ఉంది, ఏ సీసా మీద లేదు, అన్నీ రాసుకో. తొందరపడకు. బళ్ళోలా పక్కవాడి పలక చూసి రాయడానికి ఇక్కడ పక్కవాడు లేడు."

గుమాస్తా బుద్ధిగా రాసుకున్నాడు. గొడవలో ఉన్న మూడు సీసాల మీదా చుక్క ఉంది. ఎండాకాలం మిగతా వారాల సీసాల మీద లేదు. చలికాలం సీసాల్లో ముందు వారాల వాటికి ఉంది, తర్వాతివాటికి లేదు. వానాకాలం వరసలో అన్నిటికీ ఉంది, మూడింటికి తప్ప. రాయడం అయిపోయింది గానీ అతనికి ఒక్క ముక్క కొరుకుడు పడలేదు.

తర్వాత జూనియరుతో మాట్లాడారు. పాతికేళ్ళుంటాయి, నీటుగా తల దువ్వుకున్న కుర్రాడు. ప్రశ్న అడగకముందే జవాబు సిద్ధంగా పెట్టుకున్నవాడిలా కూర్చున్నాడు. అతని బల్ల మీద అట్ట వేసి భద్రంగా పెట్టుకున్న లావుపాటి పుస్తకం ఒకటి ఉంది. గుమాస్తా అట్ట మడత ఎత్తి చూస్తే, దాని మీద ఉన్నది నిపుణుడి పేరే.

"ఇది మా పాఠ్యపుస్తకమండీ," అన్నాడు జూనియరు గర్వంగా. "ఆయన మంచు దేశాల సరస్సుల మీద జీవితమంతా పనిచేశారు."

"నువ్విక్కడ చేరి ఎన్నాళ్ళైంది నాయనా?"

"చలికాలం ఆఖర్లో చేరానండీ. ఇంకా పర్మనెంటు కాలేదు."

"నాకు ఈ లెక్కపెట్టడం ఎలాగో చూడాలని సరదాగా ఉంది. ఒక్కసారి చేసి చూపించవా?"

జూనియరు ఉత్సాహంగా లేచాడు. బల్ల మీద నిన్నటి నుంచి ఉన్న సీసా ఒకటి కదపకుండా మూత తీసి, గాజు గొట్టాన్ని నిలువుగా అడుగుదాకా దించి, ఒక చుక్క పీల్చి, గాజుపలక మీద వేశాడు.

"అడుగునించే తీస్తావేం?"

"అన్నీ అడుక్కే చేరతాయండీ. పుస్తకంలో అలాగే ఉంది. పైన తేట నీళ్ళు తప్ప ఏం ఉంటుంది?"

"భలే," అంది టీచరమ్మ. అంతకు మించి ఏమీ అనలేదు. బళ్ళో ఎవరైనా తప్పు లెక్కని ధీమాగా చేసుకుపోతుంటే ఆవిడ సరిగ్గా ఇలాగే అనేదని గుమాస్తాకి చప్పున గుర్తొచ్చింది.

రేవు దగ్గర సరంగు పడవలో నీళ్ళు తోడి పోస్తున్నాడు. అరవై దాటిన మనిషి. మాట్లాడేవాళ్ళు దొరికితే చాలన్నట్టు గట్టుమీదికి వచ్చి కూర్చున్నాడు.

"ఆ మొదటి సోమవారం జూనియరు బాబుతో నువ్వే వెళ్ళావా?"

"నేను కాకపోతే ఇంకెవరు తీసుకెళ్తారమ్మా? తెడ్డు తీస్తే పచ్చగా జిడ్డు కారింది. బాబుకి చూపించాను కూడా. దుమ్ము తాతా అన్నాడు. చదువుకున్నోడు, నాకేం తెలుసులే అనుకున్నా."

"ఈ సంగతి విచారణలో చెప్పలేదా?"

"నన్నెవరడిగారమ్మా?" అన్నాడు సరంగు. నిష్ఠూరంగా కాదు, ఉన్నమాట చెప్పినట్టు.

"మూతల మీద ఆ గులాబీ చుక్కలు ఎవరు పెట్టారు?"

ముసలాయన సిగ్గుపడ్డాడు. "మేడంతో చెప్పకండి, నవ్వుతుంది. అయొడిన్ కొన్నాళ్ళకి రంగు విరిగిపోతుందమ్మా. ఏడాదికోసారి, చలికాలం మధ్యలో, బీరువాలో ఉన్న సీసాలన్నిట్లో మళ్ళీ కాస్త కాస్త పోస్తాను. పోసిందేదో పోయనిదేదో గుర్తుండాలి కదా, నాకు చదువు రాదాయె. మనవరాలి గోళ్ళరంగు తెచ్చి మూత మీద చుక్క పెడతా. అడుగుతే అటకాయిస్తుంది, అందుకని అది బడికెళ్ళాక తెస్తా."

"ఈ ఏడు ఎప్పుడు పోశావు?"

"జూనియరు బాబు చేరకముందే. నెల రోజులు ముందనుకుంటా."

"వానాకాలం మొదటి వరద నీళ్ళు ఎలా ఉంటాయి?"

"ఎర్రమట్టే కదమ్మా. పట్టిన సీసా అడుగున వేలెడు బురద దిగుతుంది."

తిరుగు దారిలో టీచరమ్మ వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టుకుంటూ నడిచింది. వీధి మలుపు దగ్గర ఆగి, "అయిపోయిందిరా," అంది.

"ఏం అయిపోయింది టీచరమ్మా?"

"లెక్క. జవాబు నీ పుస్తకంలోనే ఉంది. రేపటిదాకా చూసుకో."

గుమాస్తా గురువారమంతా ఆ చుక్కల పట్టిక ముందు పెట్టుకుని తల పట్టుకున్నాడు. సాయంత్రానికి సగం తెలిసింది. ఎలా జరిగిందో తెలిసింది గానీ ఎవరు చేశారో అంతుపట్టలేదు. చేపలాయనే అయ్యుంటాడని మనసులో పందెం కాసుకున్నాడు.

*

శుక్రవారం పది గంటలకి విచారణ ప్రయోగశాలలోనే పెట్టించింది టీచరమ్మ. ఇంజినీరు, నిపుణుడు, చేపలాయన, జూనియరు, సరంగు, చివరి కుర్చీలో నాచు మేడం కూర్చున్నారు. కిటికీ పక్క బల్ల మీద ఆరు సీసాలు పెట్టించి, అట్టముక్కలు కనపడకుండా వాటి మెడలకి తెల్లకాగితం చుట్టించింది. ఆరింటినీ గుమాస్తా చేత గట్టిగా కుదిపించి, బల్ల మీద నిలబెట్టించింది.

"ఇంక వాటి జోలికి ఎవరూ వెళ్ళొద్దు," అంది. "నేను మాట్లాడేది కాస్త ఎక్కువసేపు పడుతుంది. ముప్ఫైయేళ్ళ అలవాటు, ఓపిక పట్టండి."

"నాకు పనుంది," అన్నాడు చేపలాయన. "ఆవిడ అబద్ధం రాసింది. తేలిపోయిన సంగతికి ఇంత హడావిడి ఎందుకు?"

"బాబూ, ఏడు రోజుల్లో సున్నా నుంచి లక్షలకి పెరగడం అసాధ్యమని పట్టుకున్నది మీరే కదా? ఆ లెక్క సరైనదే. మీ తెలివికి నా మెచ్చుకోలు. రెండు రిపోర్టుల్లో ఒకటి తప్పే. ఏది తప్పో తేల్చడంలోనే అందరూ తొందరపడ్డారు."

చేపలాయన అరవబోయినవాడల్లా మెచ్చుకోలు విని కూర్చుండిపోయాడు.

"నిపుణుడు గారూ, మీరు మూడు సీసాల్లో డయాటమ్‌లు చూశారు. ఇంకేమన్నా కనిపించిందా?"

"ఎర్రటి మట్టి రేణువులు ఉన్నాయి," అన్నాడు నిపుణుడు. ముక్కుసూటి మనిషిలాగే ఉన్నాడు. "రిజర్వాయరన్నాక మట్టి ఉంటుందనుకున్నాను."

"మీ సరస్సుల్లో మంచు కరిగాక డయాటమ్‌లు పెరుగుతాయి. అందుకని ఆ నెలల్లో వాటిని చూస్తే మీకు వింత అనిపించలేదు. ఇక్కడ కరగడానికి మంచే లేదు. ఇక్కడ డయాటమ్‌లు విరగబూసేది వరద నీళ్ళలో, ఎర్రమట్టితో పాటు. ఎండలు మండే నెలలో వర్షం చుక్క లేని రిజర్వాయర్లోకి ఎర్రమట్టి ఎలా వచ్చింది?"

నిపుణుడు తన రిపోర్టు తీసి ఒకసారి చూసుకున్నాడు. మెల్లగా, "అది నేను అడగవలసిన ప్రశ్న," అన్నాడు.

"అంటే అవి వానాకాలం నీళ్ళు. మరి బీరువాలో సీసాలు తగ్గలేదు, పెరగలేదు. ఒక్కటే దారి ఉంది. సీసాలు ఎక్కడివక్కడే ఉన్నట్టు కనిపించాలంటే, మెడలో అట్టముక్కలు మార్చి, కొత్త అట్ట ప్రకారం సీసాని ఆ వరసలో పెట్టాలి. వానాకాలం అట్ట తీసి ఎండాకాలం సీసాకి, ఎండాకాలం అట్ట తీసి వానాకాలం సీసాకి. దారం ముడి విప్పి కట్టడం ఎంతసేపు?"

"ఊహ," అన్నాడు ఇంజినీరు.

"ఊహ కాదు. సరంగు చలికాలం మధ్యలో అయొడిన్ పోసిన ప్రతి సీసా మూత మీదా చుక్క పెట్టాడు. ఆనాటికి ఎండాకాలం సీసాలు పుట్టనే లేదు. అయినా గొడవలో ఉన్న మూడింటి మీద చుక్కలున్నాయి. వానాకాలం వరసలో అన్నిటికీ చుక్కలుండాలి. మూడింటికి లేవు. ఆ ఆరు సీసాలే ఈ బల్ల మీద ఉన్నవి."

అందరూ సరంగు వైపు తిరిగారు. ముసలాయన ఎక్కడ దాక్కోవాలో తెలియక తలపాగా సర్దుకున్నాడు. నాచు మేడం చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఇక ఎవరు చేశారన్నది. చేపలాయనో ఇంజినీరో చేసి ఉంటే ఏం చేసేవారు? సీసాలు పారబోసి కుళాయి నీళ్ళు పోసేవారు. ఏ నాచు ఏ కాలంలో వస్తుందో వాళ్ళకి తెలియదు. సరంగు అయితే చుక్కల సంగతి మర్చిపోడు, ఎర్రమట్టి సంగతీ మర్చిపోడు. నాచు మేడం తన ఉద్యోగం తనే ఎందుకు పోగొట్టుకుంటుంది? ఇది చేసిన మనిషికి నిపుణుడి పుస్తకం కంఠతా వచ్చు. ఈ నెలలో ఆయనకి డయాటమ్‌లు చూపిస్తే సహజమే అంటాడని తెలుసు. కానీ ఈ రిజర్వాయరు తెలియదు. ఇక్కడ ఒక్క వానాకాలం కూడా చూడలేదు. చుక్కలు పెట్టిననాటికి ఇక్కడ లేడు."

జూనియరు మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని నేల చూస్తున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి.

గుమాస్తా మనసులో కాసుకున్న పందెం మనసులోనే ఓడిపోయాడు.

"ఎందుకు చేశాడో కూడా చెప్తాను," అంది టీచరమ్మ, గొంతు తగ్గించి. "ఆ మొదటి సోమవారం ఇతను మోసం చెయ్యలేదు. పుస్తకంలో ఉన్నట్టే సీసా కదపకుండా అడుగునుంచి చుక్క తీశాడు. మునిగే డయాటమ్‌లకి అది సరిపోతుంది. తేలే నీలినాచు పైన మెడ దగ్గర ఉండిపోయింది. చుక్కలో ఏమీ కనపడలేదు, సున్నా అని రాశాడు. ఫిర్యాదు వచ్చాక భయం పుట్టి సాక్షి సీసా తీసి చూసి ఉంటాడు. అప్పుడు తెలిసింది తనేం చేశాడో. మొదటి సీసా ఒక్కటే మారిస్తే చాలదు, ఏడు రోజుల లెక్క కుదరదు. అందుకని మూడూ మార్చాడు. ఇప్పుడు బల్ల వైపు చూడండి."

అందరూ లేచారు. మాటల్లో గంటంపావు గడిచిపోయింది. ఆరు సీసాల్లో మూడింటి అడుగున ఎర్రటి బురద వేలెడు మందాన దిగి, పైన నీళ్ళు తేరుకున్నాయి. మిగతా మూడింట్లో అడుగున ఏమీ లేదు. మెడ దగ్గర, మూతకి ఆనుకుని, గోధుమరంగు మీగడ మందంగా కట్టి ఉంది. మైక్రోస్కోపు అక్కర్లేకుండానే అందరికీ కనిపించింది.

టీచరమ్మ కాగితాలు విప్పింది. మీగడ కట్టిన మూడింటి మెడలోనూ వానాకాలం తేదీలున్నాయి.

చేపలాయన ఒక సీసాకి మొహం ఆనించి చాలాసేపు చూశాడు. "ఇదంతా నా గూళ్ళ చుట్టూ ఉందా?" అన్నాడు. అరుపు లేదు.

"పారబోసి ఉంటే నీమీదికి వచ్చేదే కాదు కదయ్యా," అన్నాడు ఇంజినీరు జూనియరుతో. కోపంకన్నా ఆశ్చర్యమే ఎక్కువగా ఉంది ఆ మాటలో. "బయట డ్రెయినేజీ ఉంది. ఎందుకు పారబోయలేదు?"

జూనియరు మొదటిసారి తలెత్తాడు. "సాక్షి సీసా పారబోస్తారా సార్?" అన్నాడు. అని, తను ఏమన్నాడో తనకే వినపడినట్టు ఏడ్చేశాడు. "మేడంకి పదకొండేళ్ళ పేరుంది, మందలించి వదిలేస్తారనుకున్నాను. నాకైతే ఉద్యోగం ఊడుతుంది. సస్పెండు చేస్తారనుకోలేదు. రోజూ చెప్పేద్దామనుకునేవాణ్ణి. రోజూ గడిచిపోయేది."

ఇంజినీరు అక్కడికక్కడే సస్పెన్షన్ ఎత్తేస్తున్నట్టు కాగితం రాసి సంతకం పెట్టాడు. నిపుణుడు తన రిపోర్టు వెనక్కి తీసుకుంటున్నట్టు దాని కిందే రాశాడు. "నువ్వు బయటికి నడు," అన్నాడు ఇంజినీరు జూనియరుతో. "మిగతాది పైవాళ్ళు చూసుకుంటారు."

"ఒక్క నిమిషం సార్," అంది నాచు మేడం.

ఆవిడ కాగితం వైపు కూడా చూడలేదు. మీగడ కట్టిన సీసాల్లో మొదటి సోమవారానిదేదో వెతికి తీసి, జూనియరు ముందు పెట్టింది. ఆవిడ కళ్ళు ఎర్రగా ఉన్నాయి. అతన్ని తిడుతుందేమో అనుకున్నాడు గుమాస్తా. తిట్టినా తప్పులేదని కూడా అనుకున్నాడు.

"నువ్వు నాకు చేసింది నేను మర్చిపోలేను," అంది ఆవిడ. "ఉద్యోగం సంగతి వాళ్ళు చూస్తారు, నేను అడ్డుపడను. కానీ చుక్క ఎక్కణ్ణుంచి తియ్యాలో నేర్పకుండా నిన్ను పడవెక్కించి సెలవు మీద వెళ్ళాను చూడు, అది నా తప్పు. నేర్పకుండా నిన్ను పంపను. కుదుపు."

జూనియరు సీసా అందుకుని కుదిపాడు.

"ఇంకా. పైకీ కిందకీ తిప్పి కుదుపు. ఇప్పుడు తీయి, మధ్యలోంచి."

అతను చుక్క పలక మీద వేసి, మైక్రోస్కోపు మీదికి వంగాడు. ఒక్కసారి తల ఎత్తి ఆవిడ వైపు చూసి, మళ్ళీ వంగాడు.

"ఇన్ని ఉన్నాయా మేడం?"

"లెక్కపెట్టు. పైకి చెప్పు, అందరూ వింటారు. తర్వాత ఆ సున్నా కొట్టేసి నువ్వే సరిదిద్దాలి."

"ఒకటి," అన్నాడు జూనియరు. మొహం తుడుచుకున్నాడు. మళ్ళీ మొదలుపెట్టాడు. "ఒకటి... రెండు... మూడు..."

పనుందన్న చేపలాయన కుర్చీ లాక్కుని మళ్ళీ కూర్చున్నాడు. నూరు దాటింది, రెండు నూర్లు దాటింది. ఆ వారమంతా ఊరు తాగిన నీళ్ళవి. లెక్క పూర్తయ్యేదాకా ఎవరూ గదిలోంచి కదలలేదు.

అతను ఆఖరి అంకె రాసి, కింద సంతకం పెట్టాక, చేపలాయన లేచి నాచు మేడం దగ్గరికి వచ్చాడు. జేబులోంచి కాగితం ముక్క తీసి, తన ఫోను నంబరు రాసి ఆవిడ చేతికిచ్చాడు.

"వచ్చే ఎండాకాలం నీళ్ళు పచ్చబడితే, ముందు నాకు చెప్పండమ్మా," అన్నాడు. "మీరు చెప్తే చాలు."

నాచు మేడం ఆ కాగితం అందుకుంది. అన్నాళ్ళూ ఏడవని మనిషి అప్పుడు ఏడ్చింది.